క్రిమిని చంపే మందు, వాగును చంపని పద్ధతి

(వార్షిక మహాసభలో ఔషధ మొక్కల ఉప కమిటీ తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ళు అన్నీ ఇప్పటిదాక విన్నరు. మాకు ఇచ్చిన అంశం వేరు. మందు మొక్కల నుంచి క్రిములను చంపే పదార్థాలను నీళ్ళు, నేల పాడుకాకుండ ఎట్ల తీస్తరు, అందులో మనం చేయగలిగింది ఎంత, చేయకూడనిది ఎంత అనేది చెప్పుమన్నరు. మేం శాస్త్రవేత్తలం కాదు. ఈ ఏడాది తెలిసినవాళ్ళను అడిగినం, పిల్లలతో చదివించుకొని విన్నం, కొంత చేసి చూసినం. ఒకసారి చేతులు కూడా కాల్చుకున్నం. ఆ ముచ్చట్లే మీ ముందు పెడుతున్నం.

ఒక పిల్లగాని కాలు

మా కమిటీలో ఒక అక్క ఉన్నది. మానుకోట దిక్కు ఊరు. ఆమె మనుమడు మేకల వెంట పోయి తుమ్మముల్లు తొక్కిండు. ముల్లు తీసి, గడ్డిచేమంతి ఆకు నలిపి పసరు పిండింది. పసుపు అద్ది గుడ్డ కట్టింది. మనమందరం చేసేది అదే. నాలుగు రోజులకు కాలు వాచింది. దుకాణంలో గోలీలు తెచ్చి రెండు రోజులు వేసిండ్రు, వాపు దిగంగనే ఆపేసిండ్రు. మళ్ళ వాస్తే ఇంకో రకం గోలీలు తెచ్చిండ్రు. అవీ సగమే వేసిండ్రు. మూడోసారి జ్వరం వచ్చి, పాదం నల్లబడితే పెద్దాసుపత్రికి ఎత్తుకపోయిండ్రు. చీము తీసి పరీక్షకు పంపితే, పిల్లగాడు అప్పటిదాక మింగిన రెండు రకాల గోలీలకూ ఆ క్రిమి చస్తలేదని తేలింది. పది రోజులకు పైగా సూదులు ఇచ్చి కాలు కాపాడిండ్రు. ఇప్పుడు బడికి పోతున్నడు.

ఆ అక్క మా మీటింగులో ఒకటే ప్రశ్న అడిగింది: "నన్ను ఆకు మోసం చేసిందా, గోలి మోసం చేసిందా?" మా కమిటీ పని ఆ ప్రశ్నతోనే మొదలైంది.

గోలీలు ఎందుకు పనిచేస్తలేవు

మిర్చి వేసే అక్కలకు ఇది చెప్పనక్కర్లేదు. మొదటి ఏడు ఒక మూత మందు కొడితే పురుగు పడిపోతది. రెండో ఏడు రెండు మూతలు కావాలె. మూడో ఏడు ఆ మందు పురుగుకు అలవాటైతది. క్రిముల సంగతీ అంతే. సగం మందు వేసి ఆపితే బలహీనమైనవి చస్తయి, గట్టివి మిగులుతయి. ఆ గట్టివాటి సంతానమే పెరుగుతది. దీన్నే యాంటీబయాటిక్ నిరోధకత అంటరు. 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది ఇట్ల మందుకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయిండ్రని అంతర్జాతీయ అధ్యయనం ఒకటి లెక్క కట్టింది.

మనుషుల మందుతోనే అయిపోలేదు. కోళ్ళ దాణాలో, పశువుల దాణాలో కూడా ఈ మందులు కలిపేవాళ్ళు. కొలిస్టిన్ అనే మందు ఆసుపత్రుల్లో చివరికి మిగిలిన ఆయుధం లాంటిది. దాన్ని పశువులకు, కోళ్ళకు వాడొద్దని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది.

ఇంకో దారి ఉన్నది, దాని గురించి మనం ఎప్పుడూ ఆలోచించలేదు. అది మందు తయారయ్యే చోటు. మన రాష్ట్రంలోనే పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురికినీళ్ళను శుద్ధి చేసి వదిలే చోట స్వీడన్ శాస్త్రవేత్తలు నమూనాలు తీసిండ్రు. 2007లో ఆ ఫలితాలు అచ్చయినయి. శుద్ధి చేసినంక వదిలే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల దాక ఉన్నది. ఆ గోలి మింగిన మనిషి రక్తంలో ఉండే మందు కన్న ఇది ఎక్కువ. అంటే క్రిమిని చంపే మందు వాగులో పడి, వాగులోని క్రిములకు మందును తట్టుకునే చదువు చెప్పినట్టయింది.

అందుకే మేం చెప్పదలచుకున్న ఒక్క మాట ఇది: మందు ఎంత ముఖ్యమో దాన్ని తయారు చేసే పద్ధతి అంతే ముఖ్యం. ఒకచోట క్రిమిని చంపి ఇంకోచోట క్రిమిని పెంచేది మంచి మందు కాదు.

ఆకులో ఏముంటది

చెట్టు కదలలేదు. పురుగు వస్తే పారిపోలేదు, బూజు పడితే కడుక్కోలేదు. అందుకని తనను తాను కాపాడుకునే పదార్థాలను తన ఆకులో, గింజలో, బెరడులో తయారు చేసుకుంటది. మనకు నాలుకకు తగిలే చేదు, కంటికి కనబడే రంగు, ముక్కుకు వచ్చే వాసన చాలావరకు అవే. నేలవేము చేదు ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థానిది. పసుపు రంగు కర్‌క్యుమిన్‌ది. తులసి వాసనలో యూజినాల్ ఉంటది, లవంగం వాసన కూడా దానిదే. వేప గింజలో అజాడిరక్టిన్ ఉంటది. వేప నూనె నుంచి నింబిన్ అనే పదార్థాన్ని విడదీసి చూపించిన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీ. అది 1942 నాటి మాట.

వీటిని ఆకులో నుంచి బయటికి తీయాలంటే ఏదో ఒక ద్రవంలో కరగాలె. ప్రయోగశాలల్లో హెక్సేన్, క్లోరోఫామ్, మెథనాల్ వంటివి వాడుతరు. అవి బాగానే లాగుతయి. కానీ కొన్ని మంట అంటుకుంటయి, కొన్ని పీలిస్తే విషం, మిగిలినవాటిని పారబోస్తే నేలకు చేటు. 1998లో అమెరికా శాస్త్రవేత్తలు పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలు రాసిండ్రు. మన భాషలో వాటి సారం: వ్యర్థం వచ్చినంక శుభ్రం చేసుడు కన్న రాకుండ చూసుడు మేలు. విషం లేని ద్రవం వాడాలె. మంట తక్కువ కావాలె. మళ్ళ మళ్ళ పెరిగే ముడిసరుకు తీసుకోవాలె. పని అయిపోయినంక ఆ పదార్థం నేలలో కలిసి కరిగిపోవాలె.

ఈ సూత్రాలు విన్నప్పుడు మా కమిటీలో ఒక పెద్దమ్మ, "గిది మనం వేప కషాయం చేసినట్టే కదా" అన్నది. ఆమె చెప్పింది నిజమే.

జనగామ వేప

లింగాల ఘనపూర్ మండలంలో ఏనబావి ఉన్నది. చిన్న ఊరు, యాభైకి పైగా కుటుంబాలు. 2006లో ఆ ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసినట్టు ప్రకటించుకున్నది. జనగామలోని క్రాప్స్ సంస్థ, హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్ళకు తోడు నిలిచినయి. మనలో చాలామంది అక్కడికి పోయి చూసి వచ్చినవాళ్ళే. అక్కడ వాడినవాటిలో ముఖ్యమైంది వేప గింజల కషాయం.

5 శాతం కషాయం చేసే తీరు మీకు తెలిసిందే అయినా ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే ప్రతి మెట్టుకూ ఒక కారణం ఉన్నది. రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టాలె. ఎండలో పోస్తే అజాడిరక్టిన్ చెడిపోతది. గోనె సంచిలో గాలి ఆడేటట్టు నిలువ చేయాలె. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమ్మకు బూజు పడుతది. 5 కిలోల పలుకులను దంచి 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలె. ఉడకబెట్టొద్దు, వేడికి గుణం పోతది. తెల్లారి బట్టలో వడబోసి, 100 లీటర్లకు నీళ్ళు కలిపి, ఆకుకు అంటేటందుకు కొద్దిగా సబ్బు పొడి కలిపి, సాయంత్రం పూట కొట్టాలె. మిగిలిన పిప్పి చేనుకే ఎరువు. పారబోసే నీళ్ళు లేవు, కాల్చే డబ్బా లేదు.

ఇది పురుగు మీద పనిచేసే కషాయం. మనిషి పుండు మీద పోసేది కాదు. అయినా ఎందుకు చెప్పినమంటే, ఏ వేడి దగ్గర ఏది చెడుతదో తెలుసుకొని తీసుడే ఈ శాస్త్రానికి గుండెకాయ.

దీనికి పెద్ద ఉదాహరణ చైనాలో ఉన్నది. తూ యూయూ అనే మహిళా శాస్త్రవేత్త మలేరియాకు మందు కోసం అక్కడి మాచిపత్రి జాతి మొక్క మీద పనిచేసింది. ఆకును ఉడకబెట్టి తీస్తే ఒకసారి పనిచేసేది, ఒకసారి చేయకపోయేది. పదహారు వందల ఏండ్ల కిందటి ఒక వైద్య గ్రంథంలో ఆ ఆకును నీళ్ళలో నానబెట్టి పిండుకొని తాగమని ఉన్నది, మరిగించుమని లేదు. అది చదివినంక ఆమె తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో తీసి చూసింది. మందు నిలబడింది. ఈథర్ మంటకు భయపడవలసిన ద్రవమే, దాన్ని హరిత పద్ధతి అనలేం. కానీ వేడి తగ్గించుడే కీలకమని ఆమె పట్టుకున్నది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మన ఏజెన్సీ ఊర్లలో మలేరియా తేలితే ఇచ్చే గోలీలలో ఆ మందు కుటుంబానిది ఉంటది. పాత తెలివి దారి చూపించింది, కొత్త పరీక్ష దాన్ని మందు చేసింది. రెండూ కావలసి వచ్చినయి.

అడవి బంక, వెండి రేణువు

భూపాలపల్లి అక్కలకు బంక సంగతి మాకన్న ఎక్కువ తెలుసు. తపసి బంక, కొండగోగు బంక, చిరుమాను బంక మన గిరిజన కుటుంబాలు తరతరాలుగా సేకరిస్తున్నయి. కొండగోగు అంటే రాళ్ళ గుట్టల మీద పెరిగి, ఆకు రాల్చినంక పెద్ద పెద్ద పసుపుపచ్చ పూలు పూసే చెట్టు.

ఆ కొండగోగు బంకతో హైదరాబాదు శాస్త్రవేత్తలు ఒక పని చేసిండ్రు. అరుణ జ్యోతి కోరా, ఆర్.బి. శశిధర్, జె. అరుణాచలం 2010లో దాన్ని ప్రచురించిండ్రు. వెండి క్రిములను చంపుతదని పాతకాలం నుంచి తెలుసు. కాలిన గాయాలకు ఆసుపత్రిలో రాసే తెల్ల మలాములో కూడా వెండి ఉంటది. ఆ వెండిని తల వెంట్రుక మందాన్ని వేల వంతులు చేస్తే అందులో ఒక వంతు అంత సన్నని రేణువులుగా చేస్తే, కొద్ది వెండే చాలా పని చేస్తది. వీటిని నానో రేణువులు అంటరు.

మామూలుగా ఈ రేణువులను తయారు చేయాలంటే సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజిన్ వంటి ఘాటు రసాయనాలు వాడుతరు. ఈ శాస్త్రవేత్తలు వాటిని పక్కకు పెట్టి, బంక పొడిని నీళ్ళలో కలిపి, వెండి నైట్రేట్ వేసి, ఆటోక్లేవ్‌లో పెట్టిండ్రు. ఆటోక్లేవ్ అంటే మన ప్రెషర్ కుక్కర్ లెక్కనే, లోపల ఆవిరి ఒత్తిడి మీద 121 డిగ్రీల వేడి ఉంటది. బంకలో ఉండే చక్కెరల వంటి పదార్థాలే వెండి ఉప్పును వెండి రేణువుగా మార్చినయి. మళ్ళ ఆ బంకనే రేణువులు ముద్ద కట్టకుండ చుట్టూ పొరలెక్క పట్టుకున్నది. రంగులేని నీళ్ళు పసుపు, గోధుమ రంగుకు తిరిగితే పని అయినట్టు గుర్తు.

తర్వాత ఆ రేణువులను మూడు క్రిముల మీద పరీక్షించిండ్రు. పుండ్లకు చీము పట్టించే స్టెఫైలోకాకస్, పేగుల్లో ఉండే ఈ-కోలి, కాలిన గాయాలను చెడగొట్టే సూడోమోనాస్. మూడింటి మీదా పనిచేసినయి. ఆ తర్వాత చిరుమాను బంకతో, అందుగు బంకతో కూడా ఇట్లనే చేసి చూపించిండ్రు. వేపాకు, తులసి వంటి ఎన్నో ఆకుల రసంతో కూడా దేశంలో చాలా ప్రయోగశాలల్లో ఇదే పని నడుస్తున్నది.

ఇది విన్నప్పుడు మాకు సంబురమైంది. మన అక్కలు గుట్టలెక్కి గీకి తెచ్చి కిలోల లెక్క అమ్మే బంక అంత పెద్ద పని చేస్తదా అని. వెంటనే ఒక అక్క, "అయితే మనమే చేద్దాం" అన్నది. ఇక్కడ మేం ఆగి మాట్లాడుకోవలసి వచ్చింది.

గాజు పళ్ళెం వేరు, మనిషి ఒళ్ళు వేరు

ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో క్రిమిని పెంచి, దాని మీద మందు చుక్క పెడుతరు. చుక్క చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం వస్తే ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తరు. అది మొదటి మెట్టు మాత్రమే. గాజు పళ్ళెంలో ఉప్పు కూడా క్రిమిని చంపుతది, సున్నం కూడా చంపుతది. మనిషి ఒంట్లోకి పోయినంక ఆ పదార్థం ఎంత నిలుస్తది, కాలేయాన్ని, మూత్రపిండాలను ఏం చేస్తది, గర్భిణికి ఇవ్వవచ్చునా, పసిపిల్లకు ఎంత ఇవ్వాలె అనేది తేలేసరికి ఏండ్లు పడుతది. ఎక్కువ పదార్థాలు ఆ దారిలోనే ఆగిపోతయి.

వెండి నైట్రేట్ ఇంట్లో ముట్టుకునే వస్తువు కాదు. చర్మం మీద పడితే నల్లగ మరక పడుతది, కాలుతది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెండి రేణువులు కాలువలో కలిస్తే చేపలకు, నేలకు మేలు చేసే క్రిములకు కూడా హాని. ఆకు రసంతో చేసినమని ఆ వెండి వెండి కాకుండ పోదు. "హరిత పద్ధతి" అన్న పేరు పెట్టుకుంటే చాలదు, చివరి నీళ్ళు ఎక్కడ పోస్తున్నరో కూడా అడగాలె.

పోయిన ఏడు ఒక మండల సమాఖ్య మీటింగుకు ఒకాయన సీసాలు పట్టుకొని వచ్చిండు. ఆకులతో చేసిన వెండి నీళ్ళట, రోజు రెండు చుక్కలు తాగితే ఏ రోగమూ రాదట, సంఘాలు అమ్మిపెడితే కమిషన్ ఇస్తడట. అక్కడి అక్కలు మూడు ప్రశ్నలు అడిగిండ్రు: లైసెన్సు ఏది, పరీక్ష కాగితం ఏది, ఎవరికన్న ఏమన్నైతే పూచీ ఎవరిది? ఆయన మళ్ళ రాలేదు. ఆ అక్కలకు ఈ సభ చప్పట్లు కొట్టాలె.

మేం చేతులు కాల్చుకున్న ముచ్చట

ఇంకొకరిని అనుడు అల్కనే. ఇప్పుడు మా తప్పు చెప్తం. వేపాకు, తులసి, కుంకుడు ఉడకబెట్టి చేతులు కడుక్కునే ద్రవం చేసినం. మంచి వాసన, మంచి నురుగు. సీసాలకు పోసి మూతలు పెట్టినం. రెండు వారాలకు మూత తీస్తే పులిసిన కంపు. కొన్నింటిలో బూజు తేలింది. క్రిమిని చంపుతదని మేం చెప్పిన సీసాలోనే క్రిమి కాపురం పెట్టింది. బ్యాచు మొత్తం పారబోసినం. సంఘం పైసలు పోయినయి, అంతకన్న మాకు సిగ్గయింది.

ఎందుకట్లయింది? ఉడికిన ఆకు నీళ్ళలో క్రిమిని ఆపే పదార్థం కొద్దిగ, క్రిమికి తిండి అయ్యే చక్కెరలు, పిండి పదార్థాలు ఎక్కువ. నీళ్ళు ఉన్నచోట క్రిమి పెరుగుతది. ఇంట్లో కషాయం ఏ పూటకు ఆ పూట కాచుకునేది అందుకే. మన అమ్మమ్మలు కషాయాన్ని సీసాలో పోసి రెండు నెలలు దాచలేదు. ఆకును ఎండబెట్టి పొడి దాచిండ్రు. మనం వాళ్ళ దగ్గర సగం నేర్చుకొని సగం మరిచినం.

ఇంకో పాఠం కూడా అయింది. ఆ సీసాల మీద "చర్మ రోగాలు నయమగును" అని రాయించినం. అది తప్పని తర్వాత తెలిసింది. రోగం నయమైతదని రాస్తే అది మందు కిందికి వస్తది. ఆయుర్వేద మందు తయారు చేసి అమ్మాలంటే 1940 నాటి మందుల చట్టం కింద ఆయుష్ లైసెన్సు ఉండాలె. సబ్బు, షాంపూ వంటివి సౌందర్య సాధనాల కిందికి వస్తయి, వాటికీ లైసెన్సు కావాలె. కొన్ని రోగాలు తగ్గిస్తమని ప్రకటన చేసుడే నేరమని 1954 నాటి చట్టం చెప్తది. బూజు పట్టి పారబోసినం కాబట్టి బతికినం, ఆ సీసా ఎవరి పుండు మీదన్న పడి ఉంటే ఏమై ఉండెనో.

ఇప్పుడు మేం చేస్తున్నది చిన్న పని, కానీ నిలబడే పని. నేలవేము పూత మొదలయ్యే వేళకు కోస్తున్నం, చేదు గుణం అప్పుడే ఎక్కువ ఉంటది. మొక్క పీకకుండ మొదలు పైన కోసి, మట్టి పోయేటట్టు కడిగి, నీడలో పరదా మీద ఆరబెడుతున్నం. ఒక సంచిలో ఒకే మొక్క, సంచికి చీటీ: ఏ ఊరు, ఏ రోజు, ఎవరు కోసిండ్రు. వేప పలుకులను, తిప్పతీగ ముక్కలను కూడా ఇదే తీరుగ చేస్తున్నం. మందు చేసేవాళ్ళకు శుభ్రమైన, కల్తీ లేని, చరిత్ర తెలిసిన ముడిసరుకు కావాలె. హరిత పద్ధతికి మొదటి మెట్టు అదే, అది మన చేతిలో ఉన్నది.

ఈ తెలివి ఎవరిది

ఇంకొక్క ముచ్చట. వేప నూనెతో పంటల మీద బూజు తెగుళ్ళను ఆపే పద్ధతి మాదేనని ఒక అమెరికా కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి 1994లో యూరప్‌లో పేటెంటు తీసుకున్నయి. మన వాకిట్లో చెట్టు, మన అవ్వల తెలివి. దాని మీద ముగ్గురు మహిళలు ముందు నిలబడి కొట్లాడిండ్రు: మన దేశం నుంచి వందనా శివ, బెల్జియం నుంచి మగ్దా ఆల్వోట్, సేంద్రియ రైతుల అంతర్జాతీయ సంస్థ నుంచి లిండా బుల్లార్డ్. ఇది భారతదేశంలో ముందు నుంచే ఉన్న పద్ధతి అని రుజువు చూపిస్తే, 2000లో పేటెంటు రద్దయింది. వాళ్ళు అప్పీలుకు పోయిండ్రు. అదీ కొట్టేసిన రోజు 2005 మార్చి 8, మహిళా దినోత్సవం. పసుపుతో గాయం మానుతదన్న పేటెంటును కూడా మన సీఎస్ఐఆర్ 1997లో ఇట్లనే రద్దు చేయించింది.

రెండు కేసుల్లోనూ గెలిపించింది రుజువే. నోటి మాట కోర్టులో నిలవదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊరికీ జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలె. ఏ చెట్టు ఎక్కడ ఉన్నది, ఎవరు దేనికి వాడుతరు అనేది అందులో రాయాలె. మన మినిట్స్ పుస్తకం రాసే చేతులకు ఆ రిజిస్టర్ రాసుడు కష్టం కాదు.

సభ ముందు పెట్టే ప్రతిపాదనలు

1. నీళ్ళు కలిపి నిలువ ఉంచే ఏ ఉత్పత్తినీ పరీక్ష, లైసెన్సు లేకుండ మన సంఘాల పేరు మీద అమ్మొద్దు. "రోగం నయమగును" అన్న మాట ఏ చీటీ మీదా రాయొద్దు.

2. ఎండబెట్టిన ముడిసరుకుకు ఒకే పద్ధతి పాటిద్దాం: నీడలో ఆరబెట్టుడు, ఒక సంచిలో ఒకే మొక్క, ఊరు, తేదీ చీటీ. ఒక్కో పేరుతో రెండు మూడు మొక్కలు ఉంటయి కాబట్టి అనుమానం ఉన్నదాన్ని కలపొద్దు.

3. బంక తీసే అక్కలు చెట్టుకు లోతుగా గొడ్డలి గాటు పెట్టకుండ, పైపైన గీరే పద్ధతి నేర్చుకునేటందుకు శిక్షణ అడుగుదాం. చెట్టు చస్తే బంకా లేదు, శాస్త్రమూ లేదు.

4. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం, ఫార్మసీ విభాగాలు ఉన్నయి. మన మొక్కలను గుర్తించి, గుణం పరీక్షించి చెప్పుమని సమాఖ్య తరఫున రాద్దాం. ఎవరన్న పరిశోధన కోసం మన ఊరికి వచ్చి ఆకు అడిగితే గౌరవంగా ఇద్దాం. కానీ ఊరి పేరు రాసుకొనుమని, ఫలితం మనకు చెప్పుమని, లాభం వస్తే వాటా ఉండాలని ముందే కాగితం మీద పెట్టుకుందాం.

5. ప్రతి గ్రామ సమాఖ్య మీటింగులో ఒకసారి ఈ మాట చెప్పాలె: గోలీ పట్టీ మీద నిలువు ఎర్రగీత ఉంటే డాక్టరు రాయనిది కొనొద్దు, రాసినన్ని రోజులు వేసుకోకుండ ఆపొద్దు. మిగిలిన గోలీలు ఇంకొకరికి ఇయ్యొద్దు, చెత్తలో, బావిలో పారేయొద్దు.

ఇక ఆ మానుకోట అక్క అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆకు మోసం చేయలేదు, గోలీ మోసం చేయలేదు. చిన్న గీతకు, పైపై దెబ్బకు ఆకు పసరు పనిచేసిందని మనం చూసినం. లోతుగా దిగిన ముల్లు దెబ్బ వేరు, దానికి మొదటి రోజే ఆసుపత్రికి పోవాలె, ధనుర్వాతం సూది వేయించాలె. గోలీని సగంలో ఆపింది మనమే. ఆకు పని ఆకుది, గోలి పని గోలిది. ఏది ఎప్పుడు అనేది తెలుసుకునుడు మన పని.

ఆ అక్క ఇప్పుడు తమ ఊర్లో నేలవేము ఆరబెట్టే పని చూస్తున్నది. సంచుల మీద చీటీలు మనుమడే రాస్తున్నడు, ఆయన అక్షరం మాకన్న బాగుంటది. ఈ సంవత్సరం లెక్కల్లో మా కమిటీ లాభం పెద్దగ కనబడదు. పారబోసిన సీసాల ఖర్చు కూడా అందులోనే ఉన్నది, దాచలేదు. వచ్చే మహాసభకు శుభ్రమైన సరుకు, పరీక్ష కాగితం, రాసిన రిజిస్టర్ మూడూ మీ ముందు పెట్టాలని మా కోరిక. దానికి మీ అందరి చేతులూ కావాలె.